గుంతలో తడి

"మాత్రలు మింగినావా, యాడన్నా పారేసినావా? నిజం చెప్పు మే."

ఆంజినమ్మ కోడల్ని గడపలోనే నిలబెట్టి అడిగింది. సరళ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. అనంతపురం నుంచి ధర్మవరం దాకా బస్సులో సీటు దొరక్క మొగుడి భుజానికి ఆనుకుని నిలబడి వచ్చింది. ఇప్పుడు ఆనుకోవడానికి ద్వారబంధం దొరికింది.

"మింగినాను అత్తా."

"మింగితే రక్తం ఎందుకు ఎక్కలేదు?"

సరళ మొగుడి వైపు చూసింది. గంగాధర్ చూపు తిప్పుకున్నాడు. నిజానికి బస్సెక్కినప్పటి నుంచి అదే ప్రశ్న అతని నాలుక మీద ఆడుతూనే ఉంది. పెళ్లాన్ని అడగలేక నోరు మూసుకున్నాడు. ఇప్పుడు తల్లి అడుగుతుంటే ఆపడానికి మొహం చెల్లలేదు.

అతని చేతిలో బట్టల సంచి ఉంది. ఆపరేషన్ కోసమని పొద్దున సర్దుకుని పోయిన సంచి అది. రెండు పాత చీరలు, దుప్పటి, ఫ్లాస్కు, పళ్లెం. ఒక్కటీ బయటికి తీయకుండానే సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చాయి. ఇలా తిరిగి రావడం ఇది మూడోసారి.

"ఏమన్నారురా డాక్టర్లు?"

"కోసే డాక్టరమ్మ సరేననింది. మత్తిచ్చే డాక్టరు ఒప్పుకోలేదు. రక్తం ఆరే ఉండాదంట. పది దాకన్నా రావల్లంట. ఇంత తక్కువ రక్తంతో బల్ల ఎక్కిస్తే మళ్లా దించేది మా చేతిలో లేదన్నాడు."

"పోయినసారి ఎంత ఉండింది?"

"ఆరే."

"అంతకు ముందు?"

గంగాధర్ సంచి కింద పెట్టాడు. ఆమె తెలియక అడగడం లేదని అతనికి తెలుసు.

సరళ గర్భసంచిలో గడ్డలున్నాయి. నెల తిరిగేసరికి మంచం మీంచి లేవలేనంత రక్తం పోతుంది. సంచి తీసేస్తే గానీ ఆ పోవడం ఆగదు. పోతూ ఉంటే ఒంట్లో రక్తం నిలవదు. ఒంట్లో రక్తం లేదని సంచి తీయరు. మగ్గం మీద పోగులు ఎంత చిక్కుపడ్డా ఓపిగ్గా వెతికితే ఎక్కడో ఒక కొస దొరుకుతుంది. ఈ చిక్కులో గంగాధర్‌కు కొస కనబడటం లేదు.

"ఇంట్లో టీ మానేసినాము" అంది ఆంజినమ్మ, ఈసారి ఎవరితోనూ కాకుండా గోడతో. "టీ తాగితే మాత్ర ఒంటికి పట్టదని ఆ డాక్టరమ్మ చెప్పిందని, ఈ వయసులో నేను పొద్దున లేస్తానే వట్టి నీళ్లు తాగి కూర్చుంటాండా. తోటకూరంటే తోటకూర. బెల్లమంటే బెల్లం. ఇంగేం చేయల్ల మేము?"

"నిన్నెవరు మానమన్నారమ్మా? మానమనింది ఆమెని."

"ఆమె ముందర నేను గ్లాసు పట్టుకుని కూర్చుని ఆమె నోరు ఊరించేదేందిరా? నాకు ఆ మాత్రం తెలీదా?"

ఆంజినమ్మ నోరు అలాంటిది. ప్రేమ కూడా తిట్టు మాదిరిగానే బయటికొస్తుంది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు సరళ ఆ నోటికి భయపడి ఏడ్చేది. తర్వాత తర్వాత ఏ తిట్టులో ఏముందో విడదీసుకోవడం నేర్చుకుంది. ఈరోజు మాత్రం విడదీసుకునే ఓపిక లేనట్టుంది. చెప్పులు విప్పి, గోడ పట్టుకుని, మగ్గం గదిలోకి పోయింది.

"ఆడికెందుకే? మంచం మీద పడుకో."

"కొంచేపు కూర్చుంటా అత్తా. ఆడైతే చల్లగా ఉంటాది."

గంగాధర్ ఆమె పోయిన వైపే చూస్తూ నిలబడ్డాడు. ఒంట్లో ఎంత బాగలేకపోయినా మగ్గం దగ్గరికి పోకుండా ఉండదు నా పెళ్లాం అని డాక్టరమ్మ ముందు పొద్దున కూడా గొప్పగా చెప్పుకున్నాడు. ఆ గొప్ప కూడా ఈ రాత్రికి చేదుగానే ఉంది.

*

మరుసటి రోజు శనివారం. అందులోనూ శ్రావణమాసం. ఆంజినమ్మ ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడకని నెల.

సరిగ్గా ఆ పూటే ఓబులేష్ దిగాడు. ఓబులేష్ సరళ తమ్ముడు. నల్లమాడ దగ్గర జీవాలు మేపుకుంటాడు. ఆ ప్రాంతంలో జీవాలంటే గొర్రెలూ మేకలూ. వాటి వెంట తిరిగి తిరిగి మనిషి కూడా ఎండకు నల్లగా, మాటకు నిదానంగా తయారయ్యాడు. చేతిలో స్టీలు క్యారియరు ఉంది.

"ఏముందప్పా అందులో?" అంది ఆంజినమ్మ, మూత తీయకముందే వాసన పట్టి.

"నల్ల, అత్తా. పొద్దున పొట్టేలు కోస్తే రక్తం పట్టించినా. గడ్డ కట్టింది. ఉల్లిగడ్డ వేసి వేయిస్తే చాలు."

"శ్రావణ శనివారం పూట నా గడపలోకి నల్ల తెస్తావా నువ్వు?"

"మా అక్కకి రక్తం లేదత్తా. రక్తానికి రక్తమే మందంటాండారు మా ఊర్లో. దేవునికి కోపమొస్తే నా మీదికి రానీ. ఒక పొట్టేలును మొక్కుకుంటా ఆయప్పకి."

"శనివారం దేవుడంటే వెంకటరమణ సామిరా. ఆయప్పకి పొట్టేలు కోస్తాడంట. నోరు కడుక్కో ముందు."

ఓబులేష్‌కు ఏం చేయాలో తోచలేదు. క్యారియరు కింద పెడితే తప్పు, పట్టుకుని నిలబడితే తప్పు. గంగాధర్ వైపు చూశాడు. గంగాధర్ ఎప్పటిలాగే ఇద్దరికీ నడుమ నిలబడి ఎవరికీ పనికిరాకుండా ఉన్నాడు.

పక్కింటి మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

ఆంజినమ్మ లేచి ఓబులేష్ చేతిలోంచి క్యారియరు లాక్కుంది. పెరట్లోకి పోయి మూడు రాళ్లు పెట్టి, కట్టెలు ముట్టించి, ఎప్పటిదో వాడని బాండలి ఒకటి బూడిదతో తోమి పెట్టింది. ఉల్లిగడ్డ తరిగింది. కారం దండిగా వేసింది. కొంగుతో ముక్కు మూసుకుని, కళ్లల్లో నీళ్లు కారుతుంటే పొగను తిడుతూ, తానే వేయించింది.

"వంటింట్లోకి రాలేదు గదా. సామికి కనపడదులే" అని ఎవరూ అడగకుండానే చెప్పి, నెత్తిన నీళ్లు పోసుకోవడానికి పోయింది.

సరళ రెండు ముద్దలు తిని పళ్లెం జరిపింది.

"తినక్కా" అన్నాడు ఓబులేష్. "నీ కోసం అత్త శ్రావణం చెడగొట్టుకునింది."

"తెలుసురా. దిగడం లేదు."

"ఏం దిగుతుంది మరి నీకు? ఏం కావల్నో చెప్పు. యాడుంటే ఆడికి పోయి తెస్తా."

సరళ తమ్ముడి మొహంలోకి చూసి, చెప్పబోయి, తల దించుకుంది. గంగాధర్ ఆమె చేతులు చూస్తున్నాడు. అరచేతులు పాలిపోయాయి. గోళ్లు మధ్యలో గుంటపడి చెంచాల్లా తయారయ్యాయి. గోళ్ల సందుల్లో ఎర్రగా ఏదో ఉంది. పట్టు పోగుల రంగు అనుకున్నాడు.

ఓబులేష్ పోయేటప్పుడు వీధి మలుపు దాకా వచ్చి, "బావా, మా అక్క బతుకుతాది గదా" అని అడిగాడు. గంగాధర్ అతని భుజం మీద చెయ్యేసి బస్టాండు దాకా నడిచాడు. దారిలో ఇద్దరూ జీవాల గురించి మాట్లాడుకున్నారు.

*

సోమవారం పొద్దున నేస్తుంటే కాలి పలక తాడు తెగింది.

వాళ్లది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు వేలాడేసుకుని, నేల మీదే కూర్చుని నేస్తారు. కాళ్లతో తొక్కే పలకలు గుంత అడుగున ఉంటాయి. గంగాధర్ మధ్యలో కూర్చుంటే, సరళ ఎడమ పక్కన కూర్చుని అంచు పోగును అటూ ఇటూ నడిపే నాడె అందిస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి అది. మాట్లాడుకోవడం, పోట్లాడుకోవడం, కూతురికి పేరు పెట్టుకోవడం అన్నీ ఆ గుంత ఒడ్డునే జరిగాయి.

ఈ సీమ గాలిలో తడి ఉండదు. మబ్బులు వస్తాయి, చూస్తాయి, పోతాయి. పొడి గాలికి పట్టు పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని పొద్దున లేస్తూనే మట్టి గుంత గోడల మీద చెంబుతో నీళ్లు చల్లుతారు. ఆ తడి పైకి లేచి పోగును మెత్తగా ఉంచుతుంది. గంగాధర్ నాయన చల్లేవాడు. ఆయన పోయాక గంగాధర్ చల్లుతున్నాడు. దేవుడికి దండం పెట్టుకోవడం మరిచిన రోజులున్నాయి గానీ ఆ నీళ్లు చల్లడం మరిచిన రోజు లేదు.

తాడు ముడేయడానికి గుంతలోకి దిగాడు. ముడి ఎడమ పక్కకు పడింది. అది సరళ చోటు. ఎప్పుడూ దిగని పక్క. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే గోడలో ఒక బొక్క కనిపించింది. చెంబు దూరేంత ఉంది.

ముందు పందికొక్కు అనుకున్నాడు. పందికొక్కు తవ్వితే కింద మట్టి కుప్ప పడుతుంది. ఇక్కడ చిటికెడు మట్టి కూడా రాలి లేదు. బొక్క అంచులు నున్నగా అరిగి ఉన్నాయి. లోపల నాలుగు గీతలున్నాయి. తన వేళ్లు పెట్టి చూశాడు. పట్టలేదు. ఇంకా సన్నటి వేళ్ల గీతలవి.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. దాన్ని ఒప్పుకోవడానికే పట్టింది. ఆ గుంతలో, సరళ చోటులో, తలెత్తకుండా కూర్చుండిపోయాడు.

"సరళా."

ఆమె తలుపు దగ్గరికొచ్చింది. అతను ఏ పక్కన ఉన్నాడో చూసి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది?"

సరళ చేతులు కొంగులోకి దాచుకుంది.

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఉగాదికి ముందర నుంచేమో. సరిగ్గా తెలీదు."

"డాక్టరమ్మ అడిగింది గదా. మట్టి, పచ్చి బియ్యం, సుద్ద యేమన్నా తింటావా అని. నా ముందరే గదా అడిగింది."

"నువ్వు నగినావు."

గంగాధర్‌కు గుర్తొచ్చింది. నవ్విన మాట నిజమే. 'మా ఇంట్లో తినేదానికి కరువేమొచ్చింది మేడం' అని కూడా అన్నాడు. డాక్టరమ్మ కూడా కొంచెం నవ్వి, వేరే ప్రశ్నలోకి పోయింది.

"నువ్వు నగినాక నేను యెట్ల చెప్పేది?" అంది సరళ.

అతనికి తల కొట్టేసినట్టయింది. కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు.

"మానుకోలేవా?"

"మానుకోవల్లనే రోజూ లేస్తా. నువ్వు చెంబు తీసుకుని నీళ్లు చల్లుతావు. ఆ వాసన వంటింట్లోకి వస్తాది. చేతిలో పని చేతిలోనే ఉంటాది, కాళ్లు ఈడికొస్తాయి. తిన్నాక ఏడుస్తా. మళ్లా తింటా."

"నీళ్లు చల్లేది నేనే గదా" అన్నాడు గంగాధర్. ఇంకేదో అనబోయి అది అన్నాడు.

"నువ్వేం చేస్తావు. పోగు కోసం చల్లుతాండావు."

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

సరళ వచ్చి గుంత ఒడ్డున కూర్చుంది. "అత్తకి చెప్పొద్దు. డాక్టరమ్మకి అస్సలు చెప్పొద్దు. పెండ్లీడు బిడ్డ ఉండే ఆడది మట్టి తింటాదంట అని వీధంతా నగుతారు. నన్ను పిచ్చిదాని మాదిరి చూస్తారు. నేను మానేస్తా. నువ్వు జ్యోతి మీద ఒట్టెయ్. నువ్వు ఒట్టేస్తే నేను మానేస్తా."

జ్యోతి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. అమ్మ ఆపరేషన్ ఎందుకు ఆగిందో ఆమెకు ఇంకా చెప్పలేదు.

సరళ చెయ్యి చాచి కూర్చుంది. గంగాధర్ ఒట్టేశాడు.

*

ఆ వారంలోనే గుంత గోడలకు సిమెంటు పూయించాడు.

"మగ్గం గుంతకి సిమెంటేందిరా? ఎవరన్నా చేసినారా ఈ పని?" అంది ఆంజినమ్మ. "తడి నిలవకపోతే పోగు నిలుస్తాదా?"

"పందికొక్కులు తవ్వుతాండాయమ్మా."

సరళ వంటింట్లో ఉంది. గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది.

పోగు నిలవలేదు. గంటకోసారి తెగింది. తెగిన పోగును వేళ్లతో నలిపి అతుకుతూ గంగాధర్ పొద్దంతా గడిపాడు. నేత సాగకపోయినా ఫరవాలేదనుకున్నాడు. సరళ మాత్రలు తన చేతుల్తో అందించి, ఎదురుగా నిలబడి మింగించాడు. ఆమె మొహంలోకి రోజూ కొత్తగా చూసేవాడు. పెదవులకు కొంచెం రంగొచ్చిందని ఒకరోజు అనుకున్నాడు. తల్లిని కూడా అడిగాడు. "ఎండలో చూసినావేమో" అంది ఆంజినమ్మ.

ఒక మధ్యాహ్నం సరళ ఇంట్లో లేదు.

"మారెమ్మ వాళ్లింటికి పోయింది" అంది ఆంజినమ్మ. "మారెమ్మకి తోడుగా కొంచేపు అంచు పట్టిస్తానని. నిన్నా పోయింది. మన మగ్గమేమో నువ్వు పాడు చేసి పెడితివి, ఆమెకి తోచడం లేదు పాపం."

గంగాధర్ చెప్పులు లేకుండానే వీధిలోకి వచ్చాడు. మారెమ్మ ఇల్లు నాలుగిళ్ల అవతల. కానీ అతను అక్కడిదాకా పోలేదు. వీధి మధ్యలో నిలబడిపోయాడు. అటు మగ్గం చప్పుడు, ఇటు మగ్గం చప్పుడు. ఇంటికొక మగ్గం. మగ్గానికొక గుంత. పొద్దున్నే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చెంబుతో నీళ్లు చల్లే ఉంటారు. తన ఇంట్లో ఒక్క గుంతకు సిమెంటు పూసి తానేదో సాధించాననుకున్నాడు.

సరళ కాసేపటికి ఎదురొచ్చింది. అతన్ని చూసి కొంగుతో మూతి తుడుచుకుంది.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు.

*

నెల తిరిగింది. ఈసారి సరళ పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర పడిపోయింది. ఆంజినమ్మ చూసి కేకేసేసరికి చీర రక్తంతో తడిసిపోయింది. ఆటోలో ధర్మవరం ఆస్పత్రికి, అక్కడి నుంచి అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయారు. దారి పొడుగునా ఆంజినమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని, "కండ్లు మూయొద్దు మే, మూస్తే తంతా" అంటూనే ఉంది.

రక్తం అయిదుకు దిగిందన్నారు. ఓబులేష్ పరుగెత్తుకొచ్చి రక్తం ఇచ్చాడు. దానికి బదులుగా సరళకు సరిపడే రక్తం ఒక సీసా ఎక్కించారు. ఇస్తున్నంతసేపూ, రక్తానికి రక్తమే మందని తాను ముందే చెప్పానని అక్కడున్న నర్సుకు చెప్పుకున్నాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నాకు అర్థం కావడం లేదు గంగాధర్ గారూ. మాత్రలు వేసుకుంటోంది అంటున్నారు. టీ మానేసింది అంటున్నారు. తిండి సరిగ్గానే ఉంది అంటున్నారు. రక్తం పోతున్నమాట నిజమే, అయినా ఎంతో కొంత లేవాలి కదా. మీరు నాకు చెప్పనిది ఏమైనా ఉందా?"

సరళ కళ్లు తెరిచి మొగుడి వైపు చూసింది. తల అటూ ఇటూ చాలా కొద్దిగా ఊపింది.

చెబితే కూతురి మీద గంగాధర్ వేసిన ఒట్టు పోతుంది. చెప్పకపోతే ఆ కూతురి తల్లి పోతుంది. రెండింట్లో ఏది పెద్దదో తేల్చుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. సరళ వైపు చూడకుండా చెప్పాడు.

"మట్టి తింటాండాది మేడం."

మంచానికి అవతలి పక్కనున్న ఆంజినమ్మ నోరు తెరిచి, మూసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. మంచం అంచున కూర్చుని సరళ చెయ్యి పట్టుకుంది. "ఇది పిచ్చి కాదమ్మా. సిగ్గుపడాల్సిన పనీ కాదు. ఒంట్లో ఇనుము తగ్గిపోతే ఇలాంటి యావ పుడుతుంది. కొందరు బియ్యం నములుతారు, కొందరు సుద్ద తింటారు. మట్టి తింటే మాత్రలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పట్టకపోతే యావ ఇంకా పెరుగుతుంది. నేను అప్పుడే గట్టిగా అడగాల్సింది."

"ఇప్పుడు యేం చేయల్ల మేడం?" అన్నాడు గంగాధర్.

"మాత్రలు మానేద్దాం. ఇనుము మందు నరంలోకే ఎక్కిస్తాను, రోజు మార్చి రోజు. రక్తం పోకుండా వేరే మందు ఇస్తాను. కొన్ని వారాల్లో రక్తం లేస్తుంది, అప్పుడు ఆపరేషన్ చేద్దాం. తర్వాత కూడా కోత మానడానికి, మనిషి లేచి తిరగడానికి ఈ మందు కొన్నాళ్లు కావాలి. ఇది ఎక్కుతూ ఉంటే యావ దానంతట అదే తగ్గిపోతుంది. నేను చూశాను. ఈ కొన్ని రోజులే కష్టం. అంతవరకు నోట్లోకి మట్టి పోకూడదు. మట్టితో పురుగులు లోపలికి పోతాయి. మనం ఎక్కించిన రక్తం అవి తాగేస్తాయి. మళ్లీ ఇట్లా పడిపోతే నేను మాట ఇవ్వలేను."

డాక్టరమ్మ పోయాక ఆంజినమ్మ కోడలి దుప్పటి సరిచేసింది.

"నాకన్నా చెప్పింటే ఏమే? నేను కడుపుతో ఉన్నప్పుడు పొయ్యి మట్టి తినలేదా? నేనేమన్నా నగేదాన్నా?"

సరళ మొగుడి వైపు తిరిగి, "జ్యోతి మీద ఒట్టేసినావు" అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు. అన్నం పెడితే అత్త చేత్తో తిన్నది. అతను నీళ్లు అందిస్తే గ్లాసు పక్కన పెట్టింది.

గంగాధర్ కాపలా మాత్రం వదల్లేదు. ఆమె బాత్‌రూముకు లేచినా తలుపు బయట నిలబడ్డాడు. కాపలా కాసేవాణ్ని ఎవరు ప్రేమిస్తారు. అది అతనికీ తెలుసు. బతికి వచ్చి తిట్టుకోనీ అనుకున్నాడు.

*

ఇనుము మందు రెండో సీసా ఎక్కించే రోజు. ఆంజినమ్మ బట్టలు మార్చుకొస్తానని ధర్మవరం పోయింది. గోధుమరంగు మందు సీసాలోంచి చుక్క చుక్కగా దిగుతోంది. సరళ కళ్లు మూసుకుని ఉంది. ఊపిరి నిదానంగా వస్తోంది. నిద్రపోయిందనుకున్నాడు.

తాగే నీళ్లు అయిపోయాయి. నీళ్ల సీసా తీసుకుని వరండా చివర కొళాయి దగ్గరికి పోయాడు. అక్కడ ఉరవకొండ నుంచి వచ్చిన ముసలాయన ఒకడు కోడలి కాన్పు కోసం నాలుగు రోజులుగా కాచుకుని కూర్చున్నాడు. ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు.

"ఏమప్పా, ఈ తూరి పడేటట్టుండాది. పడితే శనక్కాయ బతుకుతాది. పూత పోయి ఊడ నేలలోకి దిగే టైము."

గంగాధర్ చూశాడు. నిజమే. మబ్బు నల్లగా కిందికి దిగింది. వరండాలో ఉన్నవాళ్లంతా మెట్ల దగ్గర చేరారు. మొదటి చినుకులు ఆస్పత్రి వెనక ఖాళీ స్థలంలో పడ్డాయి. నెలల తరబడి ఎండిన ఎర్ర నేల. దుమ్ము పైకి లేచి అణిగింది.

వాసన వచ్చింది.

ముసలాయన కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకున్నాడు. ఎవరో చేతులు చాచారు. ఎవరో ఇంటికి ఫోన్ చేసి, మన ఊర్లో పడుతోందా అని అడుగుతున్నారు. అందరి మొహాలూ తేటపడ్డాయి.

గంగాధర్ చేతిలోంచి సీసా జారింది. ఆగిపో సామీ, అనుకున్నాడు. ఆగిపో, ఈ పూటకు ఆగిపో. ఈ జిల్లాలో పుట్టిన మనిషి ఎవడూ మొక్కని మొక్కు అది. చినుకులు పెద్దవయ్యాయి.

వార్డులోకి పరుగెత్తాడు. మంచం ఖాళీగా ఉంది. సూది ఊడదీసి దుప్పటి మీద పడేసి ఉంది. మందు కారి నేల మీద గోధుమరంగు మరక పాకుతోంది.

"మా ఆడమనిషి యాడికి పోయింది?"

పక్క మంచం ఆమె వెనక తలుపు వైపు చెయ్యి చూపించింది. "వాన చూసొస్తానని పోయిందన్నా."

సరళ వెనక మెట్లు దిగి, గోడ వారన తడి నేల మీద గొంతుక్కూచుని ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. జుట్టు తడిసి చెంపలకు అతుక్కుపోయింది. సూది లాగేసిన చోట మణికట్టు మీదుగా రక్తం సన్నగా కారుతోంది, వాన కడుగుతోంది. కుడి చెయ్యి పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి ఎర్ర మట్టి నీళ్లు కారుతున్నాయి.

గంగాధర్ ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తినలేదు" అంది సరళ. ఇన్నాళ్లకు అతనితో మాట్లాడింది. నోరు తెరిచి, నాలుక చాచి చూపించింది. నాలుక తెల్లగా పాలిపోయి ఉంది. మట్టి లేదు. "చూడు. తినలేదు."

"మరి చేతిలో?"

"నువ్వు తీసేయ్. నాతో కావడం లేదు."

అతను ఆ పిడికిలిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పొద్దున గ్లాసు ఎత్తడానికి సత్తువ లేని చెయ్యి అది. బొటనవేలు పట్టి లాగాడు. రాలేదు. చిటికెనవేలు దగ్గర మొదలుపెట్టాడు. అదీ రాలేదు. గట్టిగా లాగితే ఎక్కడ విరుగుతుందోనని భయమేసింది. వదిలేస్తే ఆ చెయ్యి నోటి దగ్గరికి పోతుంది.

"ఇప్పు సరళా."

"ఇప్పుతాండా" అంది ఆమె ఏడుస్తూ. "ఇప్పుతానే ఉండా."

వేళ్లు ఇంకా బిగుసుకున్నాయి.